వస్త్రగృహం

పాఠ్యభాగ ఉద్దేశం

కుటుంబసమేతంగా ఆరుబయట ఒకటి రెండు రాత్రులు గడిపే అలవాటు నేడు మన ప్రాంతంలోనూ వ్యాప్తిలోకి వచ్చింది. అందుకు అవసరమైన గుడారాన్ని ఎలా ఎంచుకోవాలో, కాన్వాసు గుడ్డకు గల విశిష్టత ఏమిటో, ఏయే జాగ్రత్తలు పాటించాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. నిత్యజీవితానికి పనికివచ్చే విషయాన్ని స్వానుభవంతో జోడించి క్రమబద్ధంగా వివరించే వ్యాసప్రక్రియకు ఇది ఒక ఉదాహరణ.

పాఠ్యభాగం

ఇల్లు మనిషికి స్థిరమైన ఆశ్రయం. గుడారం మనిషి వెంట నడిచివచ్చే ఆశ్రయం. ఉదయం విప్పి మూటగట్టి, సాయంకాలానికి మరొకచోట నిలబెట్టుకోగల ఈ చిన్న ఇంటికి మన భాషలో పేర్లు తక్కువేమీ లేవు. గుడారం, డేరా, పటకుటి అనే మాటలు మనకు పరిచితాలే. అమరకోశం దీనిని దూష్యమని పేర్కొని, వస్త్రంతో కట్టిన ఇల్లు అని అర్థం చెప్పింది. ఈ వస్త్రగృహానికి తరతరాలుగా వాడుతున్న దళసరి గుడ్డనే మనం కాన్వాసు అంటున్నాం. గంజాయి జాతికి చెందిన నారమొక్కకు లాటిన్ భాషలో ఉన్న పేరు నుండి ఈ పదం పుట్టింది. పూర్వం ఆ నారతోనే ఈ గుడ్డను నేసేవారు. ఇప్పుడు గుడారాలకు వాడే కాన్వాసు చాలావరకు నూలుగుడ్డే.

గుడారం మన చరిత్రకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాల అనంతరం శ్రీకృష్ణదేవరాయలు సేనలను పరిశీలించిన సందర్భాన్ని వర్ణిస్తూ, నగరం వెలుపల రాయల కోసం మక్కా ముఖమలుతో వేసిన డేరాను ప్రస్తావించాడు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, పెద్ద పరివారాన్నీ డేరాలనూ వెంటబెట్టుకొని సుమారు పదిహేను నెలలపాటు యాత్ర సాగించాడు. నేటికీ రెండేళ్లకొకసారి మాఘమాసంలో ములుగు జిల్లాలోని మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగినప్పుడు, వేలాది కుటుంబాలు పిల్లాపాపలతో గుడారాలు వేసుకొని అడవిలోనే కాపురం పెడతాయి. రాజుకు వైభవం, యాత్రికుడికి అవసరం, భక్తుడికి ఆధారం అయిన గుడారం ఇప్పుడు సెలవుదినాల వినోదానికి కూడా సాధనమైంది.

అయితే వినోదానికని కొనే వస్తువును మనం అంతగా పరిశీలించం. రంగు బాగుంటే చాలు, ధర తక్కువైతే చాలు అనుకుంటాం. ఆ పొరపాటు నేనూ చేశాను. అది ఎలాంటిదో చెబితేగాని ఈ పాఠానికి అర్థం ఉండదు.

2010 డిసెంబరులో నేను మా అమ్మను, నా భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని లంబసింగికి వెళ్లాను. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నర్సీపట్నం నుండి చింతపల్లికి పోయే దారిలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ గ్రామానికి కొర్రబయలు అని మరొక పేరు. రాత్రివేళ ఆరుబయట ఉన్నవాడు చలికి కొర్రులా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ పేరు విని కూడా నేను జాగ్రత్తపడలేదు. బయలుదేరేముందు ఒక దుకాణంలో నైలాన్ గుడారాన్ని అద్దెకు తీసుకున్నాను. నలుగురికి సరిపోతుందని దుకాణదారు చెప్పాడు. ఇద్దరు చిన్నపిల్లలే కదా, ఐదుగురం సర్దుకోవచ్చునని నేను అనుకున్నాను.

ఆ గుడారం ఎత్తు నా నడుము దాటలేదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మ చేతులు నేలకు ఆనించి, పాకుతూ లోపలికి వచ్చింది. ఆమె ఒక్క మాటా అనలేదు. కాని ఆ దృశ్యం నాకు ఈనాటికీ సిగ్గు కలిగిస్తుంది. చలికి భయపడి కిటికీలు, ద్వారం అన్నీ మూసివేశాం. అర్ధరాత్రి దాటేసరికి పైకప్పు నుండి చినుకులు రాలసాగాయి. బయట వాన లేదు. మా ఐదుగురి ఊపిరిలోని తేమే చల్లని నైలాన్‌కు తగిలి నీరై, పక్కబట్టల మీద పడుతున్నది. తెల్లవారుజామున మూడు గంటలకు మా అబ్బాయి తడిసిన దుప్పటిలో వణకడం చూసి, బయటి నెగడులోని నిప్పులను ఒక కుంపటిలోకి తీసి, లోపల పెట్టి మళ్లీ ద్వారం మూశాను.

వెచ్చదనం హాయిగా అనిపించింది. కొంతసేపటికి మా అమ్మాయి తలనొప్పి అన్నది. అబ్బాయికి వాంతి వచ్చేటట్లు ఉన్నదన్నాడు. చలిగాలి తగిలి ఉంటుందని నేను సర్దిచెప్పాను. అప్పుడు మా అమ్మ లేచి కూర్చున్నది.

“ఒరే నాయనా, ముందు ఆ కుంపటి బయట పెట్టు. పురిటిగదిలో కుంపటి పెట్టినా మేము తలుపు ఓరగా తీసి ఉంచేవాళ్లం. గాలి ఆడనిచోట నిప్పు ఉండకూడదు” అన్నది.

కుంపటిని బయటకు తోసి, పిల్లలను ఎత్తుకొని మేము వెలుపలికి వచ్చాం. చివరగా అమ్మ పాకుతూ రావడానికి మరికొంత సమయం పట్టింది. తెల్లవారేదాకా నెగడు పక్కన దుప్పట్లు కప్పుకొని కూర్చున్నాం. పిల్లలు తేరుకున్నారు. మరునాడు నర్సీపట్నంలో ఒక వైద్యుడు చెప్పిన మాటలతో జరిగినది నాకు బోధపడింది. కాలే బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. నిద్రలో ఉన్నవారికి ఆ సంగతి తెలిసేలోపే ప్రాణాపాయం కలుగుతుంది. అక్షరాలు అంతగా రాని మా అమ్మకు ఆ వాయువు పేరు తెలియదు. దాని స్వభావం మాత్రం తెలుసు.

ఆ రాత్రి నేను నేర్చుకున్న అనుభవసారం ఒక్కటే. గుడారాన్ని ఇంటి యజమాని సరదాను బట్టి కాక, ఆ ఇంటిలో అందరికన్న బలహీనులైన వారి అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. ముసలివారు నిలబడి నడిచి రాగలరా, పసివారు పొడిగా నిద్రించగలరా, ఆపద వస్తే అందరూ తక్షణం బయటపడగలరా అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే రంగు, ధర చూడాలి. ఈ దృష్టితో వెదికినప్పుడే కాన్వాసు గుడారం నా కంటపడింది.

కాన్వాసుకు ఉన్న మొదటి గుణం గాలి ఆడనివ్వడం. నూలుపోగుల మధ్య ఉండే సన్నని సందుల గుండా లోపలి తేమ కొంతవరకు వెలుపలికి పోతుంది. మిగిలిన తేమను నూలు కొంత పీల్చుకుంటుంది. అందువల్ల నైలాన్ గుడారంలో వలె చినుకులు రాలడం చాలావరకు తగ్గుతుంది. రెండవ గుణం మరింత విచిత్రమైనది. వాన కురిసినప్పుడు నూలుపోగులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. ఆ ఉబ్బుతో సందులు మూసుకుపోయి, నీరు లోపలికి దిగదు. ఎండినప్పుడు తెరుచుకొని, తడిసినప్పుడు మూసుకొనే ఈ గుడ్డ తన కాపలా తానే కాస్తుందని చెప్పవచ్చు. దళసరి గుడ్డ కావడం వల్ల గాలికి టపటపలాడక నిశ్శబ్దంగా ఉంటుంది. పలుచని నైలాన్‌కన్న ఎక్కువ నీడనిస్తుంది. నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి చిల్లు పడుతుంది. కాన్వాసు అంత త్వరగా పాడు కాదు. అయినా అది కూడా నూలుగుడ్డే కాబట్టి మంటకు కాలుతుందని మరువరాదు.

కాన్వాసులన్నీ ఒకటి కావు. గుడ్డ దళసరితనాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువన్న లెక్కలో చెబుతారు. సుమారు 270 గ్రాములది తేలికైన రకం. 340 గ్రాములది కుటుంబానికి తగిన మధ్యరకం. 400 గ్రాములు, అంతకు మించినది నెలల తరబడి ఒకేచోట నిలబెట్టే గుడారాలకు తగినది. ఒక గుడారానికి 40 చదరపు మీటర్ల గుడ్డ పడుతుందనుకొంటే, 340 గ్రాముల రకంలో గుడ్డ ఒక్కటే 13 కిలోల 600 గ్రాములు తూగుతుంది. గుంజలు, తాళ్లు, నేలపట్టా, పైకప్పు కలిస్తే మొత్తం బరువు 30 నుండి 40 కిలోలకు చేరడం సాధారణం. వాహనంలో వెళ్లే కుటుంబానికి ఇది భారం కాదు. వీపున మోసుకొని కొండలెక్కే పర్వతారోహకులు మాత్రం దీనిని మోయలేరు. వారికి తేలికైన నైలాన్ గుడారమే తగినది. నూలుతో పాలియెస్టర్ కలిపి నేసిన రకం కొంత తేలికగా ఉండి త్వరగా ఆరుతుంది. దానిని మధ్యేమార్గంగా భావించవచ్చు.

తరువాత ఆలోచించవలసినది విశాలత. ఇంతమందికి సరిపోతుందని దుకాణాలలో చెప్పే లెక్క, మనుషులు భుజాలు రాసుకుంటూ వరుసగా పడుకుంటే ఇమడగలరన్న లెక్క మాత్రమే. ఒక్కొక్కరికి అరవై సెంటీమీటర్ల వెడల్పుకు మించి అందులో దొరకదు. సామానుకు, నడవడానికి, రాత్రివేళ ఒకరు లేచినప్పుడు మరొకరిని తొక్కకుండా పోవడానికి ఆ లెక్కలో చోటు లేదు. కనుక నలుగురున్న కుటుంబం ఆరుగురి గుడారాన్ని చూసుకోవాలి. మనిషికి రెండున్నర చదరపు మీటర్లయినా ఉంటే సౌకర్యంగా ఉంటుంది. ఈ లెక్కన ఐదుగురికి పన్నెండున్నర చదరపు మీటర్లు కావాలి.

ఆకారాన్ని బట్టి కాన్వాసు గుడారాలు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది గంట ఆకారంలో ఉండేది. నడుమ ఒక్క నిట్టాడు నిలిపి, చుట్టూ తాళ్లతో లాగి కడతారు. త్వరగా నిలబెట్టవచ్చు. గుండ్రంగా ఉండటం వల్ల గాలి తాకిడికి బాగా తట్టుకుంటుంది. నాలుగు మీటర్ల వ్యాసం ఉన్న గంట గుడారంలో సుమారు పన్నెండున్నర చదరపు మీటర్ల నేల ఉంటుంది. అయితే అంచులవైపు కప్పు దిగిపోతుంది కాబట్టి ఆ చోటంతా నడవడానికి పనికిరాదు. రెండవది రెండు గుంజలపై దూలం వేసి, రెండువైపులా గుడ్డను వాల్చే దూలపు గుడారం. ఇది సులభమైనదే గాని పక్కల ఎత్తు తక్కువ. మూడవది నాలుగువైపులా నిలువు గోడలతో ఇంటి ఆకారంలో ఉండేది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉంటే పన్నెండు చదరపు మీటర్ల నేల దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు. దీని బరువు, గుంజలు, తాళ్లు ఎక్కువ. నిలువు గోడలు గాలికి ఎదురొడ్డుతాయి కాబట్టి గట్టిగా కట్టాలి. పెద్దవారున్న కుటుంబానికి ఇదే అనువైనదని నా అభిప్రాయం. ద్వారం వద్ద తల వంచితే చాలు, నడుము వంచనక్కరలేదు.

మన ఎండలకు మరొక విషయం గమనించాలి. గుడారం కప్పు మీద కొంత ఎడంగా మరొక కప్పు ఉంటే, రెండింటి నడుమ గాలి ఆడి లోపల వేడి తగ్గుతుంది. మన పర్యాటక కేంద్రాలలో తరచుగా కనిపించే స్విస్ కాటేజ్ గుడారాలకు ఇలాంటి జంట కప్పు ఉంటుంది. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. వాటికీ ద్వారానికీ దోమలు దూరని సన్నని వల అత్యవసరం. నేలపట్టాను గోడలతో కలిపి కుట్టిన గుడారంలోకి తేళ్లు, పాములు ప్రవేశించే వీలు తక్కువ. పట్టా విడిగా ఉంటే శుభ్రపరచుకోవడం తేలిక. పసిపిల్లలు నేలపై పడుకునే కుటుంబానికి కలిపి కుట్టినదే మేలు. పెళ్లిళ్లకు టెంట్ హౌస్ వారు అద్దెకిచ్చే షామియానాకు, నివాసయోగ్యమైన గుడారానికి తేడా ఇక్కడే ఉంది. షామియానా నీడను ఇస్తుంది. గుడారం నీడతోపాటు రక్షణను కూడా ఇవ్వాలి.

కొనేముందు గుడారాన్ని దుకాణంలోనే విప్పించి చూడటానికి మొహమాటపడరాదు. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని నేత ఒకే తీరుగా ఉన్నదో లేదో చూడాలి. గుడ్డ అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరుసలుగా కుట్టిన కుట్టు మన్నుతుంది. గుంజ తాకేచోట, తాళ్లు లాగే మూలల వద్ద అదనపు గుడ్డ వేసి కుట్టి ఉండాలి. తాళ్లు దూర్చే ఐలెట్లు తుప్పు పట్టని లోహంతో చేసినవై ఉండాలి. జిప్పును పదిసార్లు తెరిచి మూసి చూడాలి. ద్వారం లోపలి నుండి, వెలుపలి నుండి ఒక్క చేతితో తెరుచుకోవాలి. ఆ రాత్రి తరువాత నేను అన్నిటికన్న ముందు పరీక్షించేది ఈ ద్వారాన్నే. బూజును, నీటిని, మంటను అడ్డుకునే పూత గుడ్డకు వేశారో లేదో అడిగి తెలుసుకోవాలి.

కొత్త గుడారాన్ని తిన్నగా అడవికి తీసుకొనిపోరాదు. మొదట దొడ్డిలోనో మేడమీదనో నిలబెట్టి, నీటితో పూర్తిగా తడిపి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇలా రెండు మూడు పర్యాయాలు చేస్తే కుట్లలోని దారం ఉబ్బి, సూది రంధ్రాలు పూడుకుంటాయి. మొదటి తడుపులో నీరు కొంత కారడం సహజం. దానిని చూసి గుడ్డ మంచిది కాదని నిర్ణయించకూడదు. ఈ పని వల్ల మరొక లాభం కూడా ఉంది. గుడారాన్ని కట్టడం ఇంటిల్లిపాదికీ వెలుతురులోనే అభ్యాసమవుతుంది.

మంచి గుడారం కూడా మంచి చోట నిలిపితేనే రక్షిస్తుంది. వాగుల గర్భంలోను, నది ఒడ్డున పల్లంలోను గుడారం వేయరాదు. ఎగువన కురిసిన వాన రాత్రికి రాత్రే వరదై రావచ్చు. ఎండుకొమ్మలున్న చెట్ల కింద నిలపకూడదు. కొంచెం మెరకగా, నీరు నిలవని నేల శ్రేష్ఠం. గాలి వీచేవైపు గుడారం వీపు ఉండాలి గాని ద్వారం ఉండరాదు. ఎర్రనేలలో మామూలు మేకులు నిలుస్తాయి. ఇసుకనేలలో పొడవైన, వెడల్పైన మేకులు కావాలి. వానకు మెత్తబడే నల్లరేగడిలో మేకులు వదులవుతాయి కాబట్టి తరచుగా సరిచూసుకోవాలి. నూలుతాళ్లు తడిస్తే కుంచించుకుపోతాయి. వాన వచ్చే సూచన కనిపిస్తే వాటిని కొంచెం వదులు చేయాలి. లేకపోతే మేకులైనా ఊడుతాయి, గుడ్డయినా చిరుగుతుంది. నైలాన్ తాళ్లు తడిస్తే సాగుతాయి. వాటిని బిగించాలి. ఉరుములు మెరుపులు మొదలైతే ఏ గుడారమూ పిడుగు నుండి కాపాడలేదు. పక్కా ఇంటిలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి.

నిప్పు విషయంలో కాన్వాసు కూడా మినహాయింపు కాదు. గాలి ఆడుతుంది కదా అని లోపల కుంపటి పెట్టడం, గ్యాసు పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. పైగా మంచుకో వానకో తడిసిన కాన్వాసు సందులు మూసుకొని ఉంటుంది. నీటిని ఆపే ఆ గుణమే అప్పుడు విషవాయువును కూడా లోపలే ఆపుతుంది. కనుక వంట గుడారానికి దూరంగా, గాలి వాలున జరగాలి. చలికి విరుగుడు కంబళ్లు, నేలపై దళసరి పరుపు, వేడినీటి సంచి మాత్రమే. నిప్పు కాదు. ఎంత చలిగా ఉన్నా రెండు కిటికీల పైభాగం కొంత తెరిచి ఉంచాలి.

కాన్వాసుకు ప్రబల శత్రువు బూజు. తడిసిన గుడారాన్ని చుట్టి మూటగడితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లని మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలు పోవు, గుడ్డ బలం తగ్గుతుంది. ప్రయాణ అవసరం వల్ల తడిగా మడవవలసి వస్తే, ఇల్లు చేరగానే పరిచి ఆరబెట్టాలి. మట్టిని మెత్తని కుంచెతో దులపాలి. సబ్బుతో ఉతికితే నీటిని ఆపే పూత పోతుంది. ఎలుకలు చేరని పొడి చోట, నేలకు తగలకుండా ఎత్తున భద్రపరచాలి. ఇలా కాపాడుకుంటే కాన్వాసు గుడారం ఏళ్ల తరబడి సేవ చేస్తుంది. ఈ శ్రమ పడలేని వారు, ఏడాదికి ఒక్కసారి మాత్రమే వెళ్లేవారు కొనడం కన్న మంచి గుడారాన్ని అద్దెకు తీసుకోవడమే వివేకం.

మూడేళ్ల తరువాత మేము మళ్లీ లంబసింగికి వెళ్లాం. ఈసారి వెంట నిలువు గోడల కాన్వాసు గుడారం ఉన్నది. అమ్మ కర్ర ఊతంతో నిలబడే లోపలికి వచ్చి, చుట్టూ కలయజూసింది. కిటికీ పైభాగం తెరిచి ఉన్నదో లేదో ముందు చూసుకొని, ఆ తరువాత పరుపుపై కూర్చున్నది. “ఇల్లు చిన్నదైనా ఫరవాలేదు నాయనా, గాలి ఆడాలి. ముసలివాళ్లు లేచి నిలబడగలగాలి” అన్నది. ఆ రాత్రి మంచు విపరీతంగా కురిసింది. గుడారం వెలుపలి గుడ్డ తడిసి బరువెక్కింది. లోపల పిల్లలు పొడిగా నిద్రపోయారు.

వస్తువును ఎంచుకోవడం చిన్న పనిగా కనిపించవచ్చు. కాని ఆ వస్తువు నీడలో ఎవరు నిద్రిస్తారో ఆలోచించినప్పుడు ఆ ఎంపిక బాధ్యతగా మారుతుంది. తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని ప్రకృతిని చూడబోయేవారు ఆ బాధ్యతను గుర్తించడం విజ్ఞత.

కఠిన పదాలు – అర్థాలు

పటకుటి = గుడ్డతో వేసిన గుడిసె, గుడారం
పరివారం = వెంట ఉండే జనం
నెగడు = చలి కాచుకోవడానికి వేసే మంట
కుంపటి = నిప్పులు ఉంచే పాత్ర
నిట్టాడు = కప్పును మోసే నడిమి గుంజ
మెరక = ఎత్తైన నేల
ప్రబలం = మిక్కిలి బలమైనది
విజ్ఞత = తెలివి, వివేకం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కుటుంబానికి తగిన గుడారాన్ని ఎంచుకోవడంలో గమనించవలసిన అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. లంబసింగి అనుభవం రచయితకు నేర్పిన పాఠం ఏమిటి? విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కాన్వాసు వానలో నీటిని ఎలా అడ్డుకుంటుంది?
2. కొత్త గుడారాన్ని ముందుగా తడిపి ఆరబెట్టడం ఎందుకు?
3. గుడారంలో నిప్పు ఉంచడం ఎందుకు ప్రమాదకరం?
4. షామియానాకు, గుడారానికి గల భేదం ఏమిటి?

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “గాలి ఆడనిచోట నిప్పు ఉండకూడదు.”
2. “ముసలివాళ్లు లేచి నిలబడగలగాలి.”

ఈ) ఏకపద/ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. అమరకోశం గుడారాన్ని ఏమని పేర్కొన్నది?
2. లంబసింగికి గల మరొక పేరు ఏమిటి?
3. ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి ఏ సంవత్సరంలో బయలుదేరాడు?
4. కాన్వాసుకు ప్రబల శత్రువు ఏది?

ఉ) సంధులు
1. ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
2. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
3. చిన్నదైనా = చిన్నది + ఐనా – ఇత్వసంధి

ఊ) సమాసాలు
1. వస్త్రగృహం – వస్త్రంతో నిర్మించిన గృహం – తృతీయా తత్పురుష సమాసం
2. అనుభవసారం – అనుభవం యొక్క సారం – షష్ఠీ తత్పురుష సమాసం
3. తల్లిదండ్రులు – తల్లియు, తండ్రియు – ద్వంద్వ సమాసం
4. ఎర్రనేల – ఎర్రనైన నేల – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఋ) భాషాకార్యకలాపం
మీ ఇంటిలోని పెద్దవారిని అడిగి, వారు జాతరకో తీర్థయాత్రకో వెళ్లినప్పుడు రాత్రులు ఎక్కడ, ఎలా గడిపేవారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.